రెండు సీట్ల కారు

వాహనం విలువను అది మోసే బరువును బట్టి కట్టడం మా బోధన్ ప్రాంతంలో పాత అలవాటు. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ నేలకు నీళ్ళిచ్చింది. ఆ నీటితో చెరకు పండింది. ఆ చెరకు కోసం 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారమని దానికి పేరు. గానుగ రోజుల్లో ఎడ్లబండ్లు, తరువాతి కాలంలో ట్రాక్టర్లు, లారీలు చెరకు మోపులతో బారులు తీరి నిలిచేవి. ఎవరైనా కొత్త బండి కొన్నారంటే ఊరివారు అడిగే మొదటి ప్రశ్న దాని రంగు గురించి కాదు, అది ఎన్ని టన్నులు లాగుతుందనే. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. చెరకు తోటల్లో చాలా భాగం వరి మళ్ళయ్యాయి. ఆ ప్రశ్న మాత్రం మా నోళ్ళలో మిగిలిపోయింది.

అటువంటి చోట మా అక్కయ్య కుమారుడు ఇద్దరు మాత్రమే కూర్చోగల కారు కొంటానన్నాడు. వెనుక సీటు లేదు. ఎత్తు మన నడుము దాటదు. మీట నొక్కితే పైకప్పు మడతపడి డిక్కీలోకి వెళ్ళిపోతుంది. ఒక బస్తా బియ్యం పెట్టాలన్నా పక్క సీటులో కూర్చోబెట్టవలసిందే. అదీ కొత్తది కాదు, పదకొండేళ్ళ పాతది. 2024లో ఈ విషయమై మా కుటుంబంలో మూడు నెలలపాటు జరిగిన చర్చనూ, అది నడిచిన తీరునూ పాఠకులతో పంచుకోవాలనిపించింది. గల్ఫ్ నుండి తిరిగి వచ్చిన పిల్లలు లేని వీధి మన జిల్లాలో అరుదు గనుక ఇటువంటి చర్చ ఇతరుల ఇళ్ళలోనూ జరిగే ఉంటుంది.

మా మేనల్లుడు ఏడేళ్ళు షార్జాలో ఒక కార్ల మరమ్మతు కేంద్రంలో ఏసీ పని చేశాడు. అక్కడికి వచ్చేవన్నీ ఖరీదైన కార్లే. ఆ ఏడేళ్ళలో అతడు వాటి స్టీరింగు ముందు కూర్చున్నది గాలి చల్లగా వస్తున్నదో లేదో పరీక్షించడానికి మాత్రమే. వాటిని వాకిలి దాటించి నడిపే అనుమతి పనివారికి ఉండేది కాదు. తిరిగి వచ్చి నిజామాబాద్‌లో సొంతంగా ఏసీ మరమ్మతు దుకాణం పెట్టుకున్నాడు. పని బాగుంది. వయసు ముప్ఫై ఒకటి, ఇంకా పెళ్ళి కాలేదు. "మామూ, నాకు ఆ కార్ల లోపలి తీగలన్నీ తెలుసు. రోడ్డు మీద ఎలా నడుస్తాయో మాత్రం తెలియదు" అన్నాడు. కోరిక ఎక్కడి నుండి పుట్టిందో ఆ ఒక్క మాటతో మాకు అర్థమైంది. ఇతరులు చూడాలనే తహతహ అందులో బొత్తిగా లేదని మేము అనము. అది ప్రధానం కాదని మాత్రం అనగలము.

అక్కడ చవకగా దొరికే కారునే తెచ్చుకోరాదా అని కొందరు అడిగారు. తెచ్చుకోలేరు. పాత కారును మన దేశానికి దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్ళు దాటి ఉండకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి, పైగా సుంకాల భారం. గల్ఫ్ కార్ల స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. కాబట్టి ఇక్కడ అమ్ముడై, ఇక్కడే చేతులు మారిన కారునే వెదకాలి. మెర్సిడెస్ వారు ఎస్.ఎల్.కె. అనే పేరుతో 1996 నుండి, ఆడి వారు టీ.టీ. అనే పేరుతో 1998 నుండి ఈ తరహా చిన్న కార్లు చేశారు. బి.ఎమ్.డబ్ల్యూ. వారిది జెడ్-4. మావాడి మనసు ఈ మూడవదాని మీద నిలిచింది. మన దేశంలో ఇవి అమ్ముడైనవే తక్కువ, పాతవాటిని కొనేవారు ఇంకా తక్కువ. అందువల్ల కొత్తప్పుడు అరవై లక్షల దరిదాపుల్లో ఉన్న బండి పదేళ్ళు దాటేసరికి పదిహేను లక్షల దగ్గరికి దిగుతుంది. అయితే ఇక్కడ తెలుసుకోవలసిన మాట ఒకటుంది. పడిపోయేది కారు ధర మాత్రమే. దాని టైర్ల ధర, పంపు ధర, దీపాల ధర అరవై లక్షల కారు ధరలే. పదిహేను లక్షలకు కొన్నవాడు అరవై లక్షల కారునే పోషించాలి.

మొదటి అభ్యంతరం మసీదు మెట్ల మీదే వచ్చింది. ఇషా నమాజు తరువాత ఒక పెద్దమనిషి, "మీ మేనల్లుడు కొంటున్నది దుబారా కదా, అది నిషిద్ధం అని చెప్పరాదా?" అని అడిగారు. మేము అంత త్వరగా చెప్పలేకపోయాము. ధర్మం నిషేధించని దానిని నిషిద్ధమనడానికి మనకు అధికారం ఎక్కడిది? దివ్య ఖుర్‌ఆన్‌లోని అన్-నహ్ల్ సూరాలో అల్లాహ్ గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను ప్రస్తావిస్తూ అవి స్వారీ కోసమే గాక శోభ కోసం కూడా అని తెలిపాడు. మనకు తెలియని వాటిని సైతం సృష్టిస్తాడని ఆ వెంటనే అన్నాడు. వాహనంలో అందాన్ని కోరుకోవడం పాపమైతే ఆ శోభ ప్రస్తావన అక్కడ ఉండేది కాదు. అదే గ్రంథంలో అల్-ఖసస్ సూరాలో ఖారూన్ తన ఆడంబరమంతా ప్రదర్శిస్తూ జనం ముందుకు వచ్చిన ఘట్టమూ ఉంది. చూచినవారు తమకూ అటువంటిది ఉంటే ఎంత బాగుండునని ఉసూరుమన్నారు. జ్ఞానం గలవారు వారిని వారించారు. తరువాత అతడు తన ఇంటితో సహా భూమిలోకి కూరుకుపోయాడు. ఈ రెండు ఘట్టాల మధ్యలో ఎక్కడో మా మేనల్లుని కారు నిలిచి ఉంది. ఏ వైపుకు జరుగుతుందన్నది ఆ సొమ్ము ఎలా వచ్చింది, ఎవరి హక్కు మిగిలి ఉంది, దానిని ఎలా కొన్నాడు అన్న దానిపై ఆధారపడుతుంది. ఆ పెద్దమనిషికి ఇదే చెప్పాము. ఆయన తృప్తి చెందలేదు.

మన ప్రాంతపు వారికి ఈ సందర్భంలో ఒక ముచ్చట గుర్తు చేయవచ్చు. మా కర్మాగారానికి పేరిచ్చిన నిజాం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను ప్రపంచంలోకెల్లా ధనవంతుడంటూ టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసినది 1937 ఫిబ్రవరిలో. ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండులో ఒక రోల్స్ రాయిస్ కారు చేయమని పురమాయించారు. అది చేరకముందే 1911లో ఆయన కన్నుమూశారు. సింహాసనం వంటి ఆసనం అమర్చిన ఆ పసుపు రంగు బండి కుమారునికి దక్కింది. దుస్తుల విషయంలోనూ, ఇంటి ఖర్చు విషయంలోనూ పొదుపరిగా పేరుపడిన ఆయన దానిని చాలా తక్కువగా వాడారు. ఇప్పుడది హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకుల కోసం నిలబడి ఉంది. సుమారు నూరేళ్ళలో అది ఎవరి అవసరం తీర్చిందో చెప్పడం కష్టం. మా మేనల్లుడు ఈ ముచ్చట విని, "నేను మాత్రం రోజూ నడుపుతాను" అన్నాడు.

ఇక లెక్కలకు వద్దాము. అతని వద్ద పధ్నాలుగు లక్షల రూపాయలు నగదు ఉంది. ఏడాదికి పైగా బ్యాంకులో కదలకుండా ఉంది. సొంత వాడకానికి ఉన్న కారుపై జకాత్ లేదు. కారు కొందామని దాచిన సొమ్ముపై మాత్రం ఉంది. నిసాబ్ దాటిన మొత్తంపై చాంద్రమాన సంవత్సరం గడిచిన తరువాత అది ఏ ఉద్దేశంతో దాచినదన్నది అడ్డు రాదు. చాలామంది యువకులు ఇక్కడే పొరబడతారు. ఇల్లు కోసమో పెళ్ళి కోసమో పక్కన పెట్టిన సొమ్మును ఖర్చయిపోయిన సొమ్ముగా భావిస్తారు. రెండున్నర శాతం చొప్పున ముప్ఫై అయిదు వేలు. ఆ మాట చెప్పగానే అతడు కాసేపు మౌనంగా ఉండి, ఫోనులో లెక్క వేసుకుని, ఆ వారంలోనే ఇచ్చేశాడు. మిగిలినది పదమూడు లక్షల అరవై అయిదు వేలు.

ఈలోగా ఒక ఫైనాన్సు సంస్థ నుండి ఫోన్లు మొదలయ్యాయి. పాత కారుకు సైతం అప్పు ఇస్తామని, కాగితాలు రెండే సరిపోతాయని. నెలసరి వాయిదా ఎంతో చెప్పారు గానీ అందులో వడ్డీ ఎంతో అడిగితే తప్ప చెప్పలేదు. అప్పుతో అయితే అతడు ఇంకా కొత్త బండి వైపు చూడగలడు. వడ్డీని అల్లాహ్ ఎంత కఠినంగా నిషేధించాడో ఈ పత్రిక పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. అతడు ఆ ఫోన్లను ఆపించివేశాడు. తరువాత ఒకనాడు మమ్మల్ని పక్కకు పిలిచి, ఖర్జె హసనాగా లక్ష రూపాయలు సర్దుబాటు చేయగలరా అని అడిగాడు. మేము ఇవ్వలేదు. లేక కాదు. వడ్డీ లేని అప్పు ఆపదలో ఉన్నవాని కోసం, పని మొదలుపెట్టేవాని కోసం ఉన్న తలుపు. పైకప్పు తెరుచుకునే కారు కోసం ఆ తలుపు తట్టడం సమంజసం కాదని మా అభిప్రాయం. ఇది ధార్మిక తీర్పు కాదు, ఒక మేనమామ అభిప్రాయం. అతడు నొచ్చుకున్నాడు, రెండు రోజులు మా ఇంటికి రాలేదు. మూడవ రోజు వచ్చి, దుబాయి నుండి వచ్చిన కొత్తలో కొనుక్కున్న తన ఐ-20 కారును అమ్మివేస్తానని చెప్పాడు.

హైదరాబాదులో మేము చూచిన మొదటి కారు తెల్లనిది. ధర పదకొండు లక్షల డెబ్భై అయిదు వేలు. ఐ-20 అమ్మకుండానే కొనగలిగే ధర. అమ్ముతున్న మధ్యవర్తి చాలా మంచి మాటకారి. డాక్టరుగారు వాడిన బండి అని, ఆదివారాలు తప్ప బయటికి తీయలేదని, వారు విదేశాలకు వెళ్ళిపోతున్నందువల్లే ఈ ధర అని చెప్పాడు. రంగు తళతళలాడుతున్నది. లోపల అత్తరు పరిమళం. మావాడు కారు ఎక్కిన తరువాత ఇంజను మీట జోలికి పోలేదు. ముందుగా సీటు బెల్టును చివరంటా బయటికి లాగాడు. చివరి జానెడు పట్టీ మీద మట్టి చార అడ్డంగా కనిపించింది. ఆ తరువాత కింది పరుపు మూల ఎత్తాడు. సీటు జరిగే ఇనుప పట్టాలకు తుప్పు. డిక్కీలో, అదనపు టైరు లేని ఆ బండిలో, పనిముట్లు ఉంచే గుంటలో ఒండ్రు పొర. ముందు దీపాల అద్దాల లోపల ఆవిరి మరకలు. ఏసీ వేసి అయిదు నిమిషాలు ఆగితే అత్తరు వెనుక నుండి మురుగు వాసన బయటపడింది.

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాదును ముంచెత్తిన వానలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. కాలనీలు, నేలమాళిగలు మునిగి, కార్లు నీటిలో తేలాయి. అటువంటి కార్లు ఆరిన తరువాత అన్నీ తుక్కులోకి పోవు. కొన్ని కడిగి, ఆరబెట్టి, రంగు వేసి అమ్మకానికి వస్తాయి. ఇంజను బాగు చేయవచ్చు గానీ ఈ తరహా కారులో తలుపు నుండి దీపం దాకా ప్రతిదీ చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెల మీద నడుస్తుంది. తీగల కీళ్ళలో చేరిన తేమ లోలోపల పచ్చటి చిలుము పట్టి ఏడాదికో రెండేళ్ళకో బయటపడుతుంది. ఒకనాడు బ్రేకు దీపం, మరొకనాడు ఎయిర్‌బ్యాగు. ఈ కారు ఆ వానల్లోనే మునిగిందో, మరెక్కడ మునిగిందో మేము చెప్పలేము. మునిగినదని మాత్రం స్పష్టం. మధ్యవర్తి, "పాత బండి అన్న తరువాత ఆ మాత్రం ఉండదా సార్?" అన్నాడు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశి వద్ద ఆగి అందులోకి చేయి పెట్టిన సంఘటన అందరికీ తెలిసినదే. పైన ఎండుగింజలు, లోపల వేళ్ళకు తగిలినది తడి. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. జనానికి కనబడేలా ఆ తడిని పైననే ఎందుకు ఉంచలేదని ఆయన (స) అడిగారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. ఈ హదీసును మేము చిన్ననాటి నుండి వింటూనే ఉన్నాము. కానీ ఆ చేయి ఎంత ముఖ్యమో ఆ రోజు ఆ సీటు బెల్టు చూచినప్పుడు తెలిసింది. ఆయన (స) వర్తకుని మాట విని వెళ్ళిపోలేదు, రాశి పైభాగం చూచి వెళ్ళిపోలేదు. లోపలికి చేయి పెట్టారు. కొనేవాడు పరీక్షించడాన్ని మన వాళ్ళు కొందరు అపనమ్మకంగా, మర్యాద తక్కువగా భావిస్తారు. అందులో అమర్యాద ఏమీ లేదు. వర్తకుడు చెప్పిన కారణం, వాన, నిజమే కావచ్చు. వాన పడడం అతని నేరం కాదు. తడిసిన గింజలను అడుగున దాచడమే నేరం.

రెండవ కారు దొరకడానికి నెల పట్టింది. ముదురు నీలం రంగు, 2013లో నమోదైనది, మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను. యజమాని సికిందరాబాదు వైపు ఉండే ఒక విశ్రాంత ఇంజనీరు, హిందూ సోదరుడు. అడిగిన ధర పదిహేనున్నర లక్షలు. మేము వెళ్ళేసరికి ఆయన కారు తుడిపించి ఉంచలేదు. బల్ల మీద ఒక లావుపాటి ఫైలు ఉంచారు. పదకొండేళ్ళ సర్వీసు రసీదులు తేదీల వారీగా ఉన్నాయి. టీ ఇచ్చి, మావాడు ఏమీ అడగకముందే, "బాబూ, ముందు మూడు మాటలు చెబుతాను, విన్నాక ఇష్టమైతే చూడు" అన్నారు. ఇంధనాన్ని అధిక ఒత్తిడితో పంపే పంపు ఒకసారి చెడిపోయి మార్పించారు. ముందు టైర్లు రెండూ అరిగి ఉన్నాయి. పైకప్పు ఎనిమిది నెలలుగా తెరుచుకోవడం లేదు.

ఆ మూడవ మాట చిన్నది కాదు. ఈ కారు పైకప్పు గుడ్డది కాదు, రెండు ముక్కల అల్యూమినియం కప్పు. సరిగా ఉంటే ఇరవై సెకన్లలో మడతపడి డిక్కీలో సర్దుకుంటుంది. దాని కోసం ప్రత్యేకంగా హైడ్రాలిక్ పంపు, గొట్టాలు, కప్పు ఎంత దూరం కదిలిందో చెప్పే సెన్సర్లు ఉంటాయి. వాటిలో ఒక్కటి సంకేతం పంపకపోయినా మొత్తం ఆగిపోతుంది. బాగు చేయించడానికి లక్షా ఇరవై వేలు అవుతుందని తమకు చెప్పారని, ఆ అంచనా కాగితం కూడా ఫైలులోనే ఉందని ఆయన చూపించారు. మూసిన కప్పుతో నడిపి చూపి, తెరిచే మీట జోలికి పోకుండా ఉంటే మేము ఆ రోజు గమనించేవారమో లేదో.

తిరుగు ప్రయాణంలో కామారెడ్డి దాటే వరకు మావాడు ఆయన గురించే మాట్లాడాడు. ప్రవక్త (స) సహచరులు వాసిలా బిన్ అస్ఖఅ (రజి) గారి సంగతి అప్పుడు మేము అతనికి చెప్పాము. ఇమామ్ గజాలీ దానిని నమోదు చేశారు. ఒక వ్యక్తి తన ఆడ ఒంటెను మూడు వందల దిర్హములకు అమ్మాడు. పక్కనే ఉన్న వాసిలా (రజి) మరేదో ధ్యాసలో ఉండగా కొన్నవాడు దానిని తోలుకుని వెళ్ళిపోయాడు. ఆయన తేరుకుని వెనుక నుండి పరుగెత్తారు. మాంసం కోసం కొన్నావా, ప్రయాణం కోసమా అని అడిగారు. ప్రయాణం కోసమని చెప్పగా, దాని గిట్టలో రంధ్రం ఉంది, అది దూరం నడవలేదని తెలియజేశారు. కొన్నవాడు వెనక్కి వచ్చాడు, అమ్మినవాడు నూరు దిర్హములు తగ్గించుకోవలసి వచ్చింది. నా బేరం పాడు చేశావని అతడు నిష్ఠూరమాడాడు. లోపం తెలియజేయకుండా అమ్మడం అమ్మేవానికి ధర్మసమ్మతం కాదని, తెలిసినవాడు ఊరుకోవడం కూడా ధర్మసమ్మతం కాదని ప్రవక్త (స) వద్ద తాను విన్నానని వాసిలా (రజి) బదులిచ్చారు. గమనించండి, ఆ ఒంటె ఆయనది కాదు. ఆ నూరు దిర్హములలో ఆయనకు రావలసినదీ పోవలసినదీ ఏమీ లేదు. వాహనం కొనుగోలు గురించి మన గ్రంథాలలో ఇంతకంటే సూటి అయిన ఉదంతం మాకు కనబడలేదు.

ఆ ఉదంతం వారం తిరగకుండానే మా వాకిట్లోకి వచ్చింది. ఐ-20 కొనడానికి వర్ని వైపు నుండి ఒక ఉపాధ్యాయుడు వచ్చారు. భార్యాపిల్లలతో బడికి వెళ్ళి రావడానికి కావాలన్నారు. నడిపి చూశారు, నచ్చింది. నాలుగు లక్షల నలభై వేలకు మాట కుదిరింది. ఆ కారుకు ఏడాదిన్నర క్రితం ముందు భాగం దెబ్బతిన్నది. లోపలి చాసిస్ ఇనుమును యంత్రంతో లాగి సరిచేశారు. పని ఎంత బాగా జరిగిందంటే బయటి నుండి చూచేవారికి ఆనవాలు దొరకదు. ఉపాధ్యాయుడు లోపల నీళ్ళు తాగుతుండగా మావాడు మా దగ్గరకు వచ్చి మెల్లగా, "ఆయన అడగలేదు కదా మామూ?" అన్నాడు.

"సికిందరాబాదు పెద్దాయనను పైకప్పు గురించి నువ్వు అడిగావా?" అన్నాము.

అతడు ఏమీ అనలేదు. కాసేపు వాకిట్లోనే నిలబడి, లోపలికి వెళ్ళి చెప్పాడు. ఉపాధ్యాయుని ముఖం మారింది. కోపం కాదు, భయం. ఇంతవరకు దాచినవాడు ఇంకేమి దాచాడో అన్న భయం. తనకు తెలిసిన మెకానిక్‌ను పిలిపించి, కారును లిఫ్టు మీదికి ఎక్కించి కింది నుండి చూపించుకుని, చివరకు నాలుగు లక్షలకు తీసుకున్నారు. నలభై వేలు తగ్గింది. ఆ సాయంత్రం మావాడు సంతోషంగా ఉన్నాడని రాయడానికి మాకు మనసొప్పదు. నలభై వేలు అతనికి చిన్న మొత్తం కాదు. ఏసీ మరమ్మతులో అంత మిగలాలంటే ఎన్ని ఇళ్ళ మిద్దెలు ఎక్కాలో అతనికే తెలుసు.

నీలం కారు పధ్నాలుగు లక్షల పాతిక వేలకు కుదిరింది. కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాము. బండి మీద ఎవరి అప్పూ లేదని, పన్ను కట్టినదని వాహన్ పోర్టల్‌లో చూచుకోవాలి. చలాన్లు మిగిలి ఉంటే అమ్మేవారిచేత కట్టించాలి. యాజమాన్యం మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవారు పద్నాలుగు రోజుల లోపల, కొన్నవారు ముప్ఫై రోజుల లోపల రవాణా శాఖకు తెలియజేయాలి. బీమాను కూడా పద్నాలుగు రోజులలో పేరు మార్పించుకోవాలి. వెనుకటి యజమానికి ఉన్న నో క్లెయిమ్ రాయితీ ఆయనకే చెందుతుంది, కారుతో పాటు రాదు. సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్ళు గనుక ఈ బండికి 2028లో పరీక్ష చేయించి అయిదేళ్ళకు పొడిగించుకోవలసి ఉంటుంది. కొన్న రోజే అది గుర్తు పెట్టుకోవాలి.

కారు బోధన్‌కు వచ్చిన రోజు వీధిలో పిల్లలు మూగారు. మరునాడు పెళ్ళి సంబంధాలు చూచే ఒక పెద్దమ్మ వచ్చి, ఇటువంటి కారు ఉన్న పిల్లవానికి జోడే కీ రఖమ్ ఎంతైనా పలుకుతుందని, ఇంతకుముందు చెప్పిన సంబంధాలను పక్కన పెట్టి పెద్ద ఇళ్ళు చూస్తానని మా అక్కయ్యకు ఆశ పెట్టింది. ఈ వ్యవహారం మొత్తంలో మాకు నిజంగా ఆందోళన కలిగించినది ఇదే. కారు ఖారూన్ వైపు జరిగేది సరిగ్గా ఇక్కడ. మావాడు ఆమెను పంపించివేస్తూ, కట్నం అడిగే సంబంధమైతే కారు సంగతి చెప్పవద్దని, అడగనిదైతే ఏసీ మెకానిక్ అని మాత్రం చెప్పమని అన్నాడు. ఆమె తిరిగి రాలేదు.

మా అక్కయ్య ఆ కారులో ఒకేసారి కూర్చున్నది. మోకాళ్ళ నొప్పులు గలవారికి ఆ సీటులోకి దిగడం బావిలోకి దిగడం వంటిది. ఎక్కించడానికి ఇద్దరు, దింపడానికి ముగ్గురు కావలసి వచ్చారు. నిజామాబాద్‌లో డాక్టరు వద్దకు వెళ్ళవలసిన రోజున మావాడు మా పాత వ్యాగన్‌ఆర్ తాళం అడిగి తీసుకుపోతాడు. ఎడపల్లి, జానకంపేట దారిలో వేగనిరోధకాలను తన కారుతో ఐమూలగా దాటడం మాత్రం బాగా నేర్చుకున్నాడు.

ఇక లెక్కలో మిగిలినది. పదమూడు లక్షల అరవై అయిదు వేలకు నాలుగు లక్షలు కలిపి, కారు ధర తీసివేస్తే మూడు లక్షల నలభై వేలు. బీమా, బదిలీ, రెండు టైర్లు, పెద్ద సర్వీసు కలిపి లక్షా ముప్ఫై వేలయ్యాయి. మిగిలిన రెండు లక్షల పది వేలలో లక్షా ఇరవై వేలు పెట్టి పైకప్పు బాగు చేయిస్తానని ఒక రాత్రి భోజనాల వద్ద చెప్పాడు. మా అక్కయ్య చేతిలోని రొట్టె పక్కన పెట్టి, "బేటా, నీ కారు కప్పు తెరుచుకోవడానికి లక్షా ఇరవై వేలా? వాన వస్తే మన ఇంటి కప్పు దానంతటదే తెరుచుకుంటుంది, పైసా ఖర్చు లేదు" అన్నది.

అందరమూ నవ్వాము, అతడు కూడా. ఆ ఇల్లు మా బావగారు కర్మాగారంలో పని చేసిన కాలంలో కట్టినది. మూడేళ్ళుగా వానాకాలంలో వంటగది స్లాబు నుండి నీరు కారుతున్నది. షార్జాలో ఉండగా అతనికి ఫోనులో చెప్పలేదు, వచ్చిన తరువాత కారు ఆశ చూచి చెప్పలేదు. అతడు లేచి వంటగదిలోకి వెళ్ళి, పైకి చూచి, మరకను వేలితో తడిమి వచ్చాడు. మేస్త్రీ వచ్చి చూచి, పగుళ్ళు పూడ్చి, పైన నీరు దిగని పూత వేసి, వాలు సరిచేయడానికి లక్షా పదిహేను వేలు అడిగాడు. పని పదకొండు రోజులు పట్టింది.

ఆ తరువాత రెండు వానాకాలాలు గడిచాయి. వంటగదిలో చుక్క పడలేదు. నీలం కారు దుకాణం ముందు చింతచెట్టు నీడలో నిలబడి ఉంటుంది. చూచిపోయేవారు కప్పు తెరిచి చూపమని అడిగితే, పని చేయదని అతడు ముందే చెబుతాడు. విరిగిన సెన్సరు ఏదో తానే కనుక్కున్నాడట, ఆ ముక్క ఒక్కదాన్ని ఎక్కడి నుండి తెప్పించాలా అని వెదుకుతున్నాడు.